మెదడుకి పాకిన క్యాన్సర్‌కి ‘గ్యారంటీ పొడి’ కొనబోతున్నారా? ఆగండి

యూట్యూబ్‌లో క్యాన్సర్ తగ్గిస్తానంటూ పొడి అమ్మే ఒకాయన సంగతే ఇది. పేరు రాయను. ఇంట్లో ఓవరీ క్యాన్సర్ పేషెంట్ ఉన్నవాళ్లకి ఎవరో ఇట్టే తెలుస్తుంది.

అమ్మకి ఆపరేషన్, కీమో అయ్యాయి. సీఏ-125 (ఓవరీ క్యాన్సర్ ఎలా ఉందో చూసే రక్తపరీక్ష) నార్మల్‌కి దిగింది, హమ్మయ్య అనుకున్నాం. తర్వాత తలనొప్పి, పొద్దున్నే వాంతులు. ఎంఆర్ఐ తీస్తే మెదడులో మచ్చలు. ఓవరీ క్యాన్సర్ తలకి పాకడం అరుదట, అది మా ఇంటికే రావాలా! డాక్టర్ మెదడులో వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రాశారు. మచ్చలు చిన్నవి, కొన్నే కాబట్టి వాటికే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్, అదే రేడియోసర్జరీ చేద్దామన్నారు. దానికి డేట్ వచ్చేలోపు వీడు తగిలాడు.

రిపోర్ట్ వాట్సాప్‌లో పెట్టగానే ఫోన్. "తల్లీ, మీ అమ్మ నాకూ అమ్మే. కీమో మందు మెదడులోకి పోదు, కావాలంటే ఏ డాక్టర్నైనా అడుగు. మన పొడి పోతుంది." మొదటి మాటలో చాలావరకు నిజముంది. రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే అడ్డుగోడ చాలా కీమో మందుల్ని సరిగా లోపలికి రానివ్వదు. ఆ నిజానికే తన అబద్ధాన్ని అతికించి అమ్మేశాడు. స్టెరాయిడ్ వేసుకుంటే పొడి పట్టదట, ఇవాళే మానేయమన్నాడు. 48,000 ఫోన్‌పే కొట్టాం.

కొన్నాళ్లకే అమ్మకి ఫిట్స్. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్ "స్టెరాయిడ్ ఎవరు ఆపమన్నారు?" అంటే నోట మాట రాలేదు. మెదడులో వాపు మళ్లీ పెరిగింది. పైగా ఆ మాత్ర వాడుతున్నప్పుడు ఒళ్లు సొంతంగా స్టెరాయిడ్ తయారుచేయడం తగ్గించేస్తుందట. కొద్దికొద్దిగా దించాలే తప్ప ఒక్కసారి ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

కారిడార్లోంచే వాడికి ఫోన్ చేశా. ముందు పథ్యం మీదికి నెట్టాడు, పెరుగు పెట్టారా అని. పెట్టలేదన్నా. అంతే, ‘తల్లీ’ అనే పిలుపు పోయి ‘మేడమ్’ వచ్చింది. "మేడమ్, డబ్బా వెనక చూడండి. నాట్ ఫర్ మెడిసినల్ యూజ్ అని రాసుంది. మందని మేమెక్కడ అమ్మాం? చదువుకున్నవాళ్లు, చూసుకోవాలి కదా!"

నిజంగానే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. బిల్లు మీదేమో ‘ఫుడ్ సప్లిమెంట్’. పాల ప్యాకెట్ మీద తేదీ చూసే మహాతల్లిని, ఈ డబ్బా తిప్పి చూళ్లేదు. ఫోన్లో కణితిని కరిగించే గ్యారంటీ మందు, డబ్బులు పడ్డాక సప్లిమెంట్! వాడు నన్ను బ్లాక్ చేసిన సాయంత్రమే కొత్త వీడియో పెట్టాడు: ఫోర్త్ స్టేజ్ నుంచి లేచి నడిచిన అమ్మ. ఇక్కడ మా అమ్మకేమో మళ్లీ ఎంఆర్ఐ, రేడియేషన్ ప్లాన్ మళ్లీ మొదటి నుంచి.

క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. తెలంగాణ వాళ్లయితే డ్రగ్స్ కంట్రోల్ టోల్‌ఫ్రీ 1800-599-6969కి చెప్పండి. ఎవరేం చెప్పినా డాక్టర్నడక్కుండా స్టెరాయిడ్ ఆపకండి. వీడి దగ్గర ఇప్పటికే కొన్నవాళ్లు ఆ చాట్లు, ఫోన్‌పే రసీదులు డిలీట్ చేయకండి. డబ్బా కూడా పారేయకండి.