గిటార్ కేబుల్ కొంటున్నారా? ‘పికప్‌లు పోయాయి’ అంటే నమ్మకండి

స్టూడియో క్వాలిటీ, స్వచ్ఛమైన రాగి అని రాసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న పది మీటర్ల గిటార్ కేబుల్ ఒకటి కొన్నాను. పైన అల్లిన తొడుగు, బంగారు రంగు ప్లగ్గులు, చూడ్డానికి భలే ఉంది. నా స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్‌కి పెట్టగానే సౌండ్ దుప్పటి కప్పినట్టయింది. టోన్ నాబ్ పూర్తిగా తిప్పినా ట్రెబుల్ లేదు. వైరు మీద కాలు పడితే ఆంప్‌లోంచి (యాంప్లిఫయర్) టప్‌మని చప్పుడు.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, “కేబుల్ ఓకే సార్, మీ పికప్‌లు పోయాయి. మా దగ్గర కొత్త సెట్ ఉంది” అన్నారు. పికప్‌లంటే తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే, అయస్కాంతం మీద చుట్టిన కాయిల్స్. అసలు బేరం ఇదన్నమాట! నా పాత మూడు మీటర్ల కేబుల్ పెడితే అవే పికప్‌లు శుభ్రంగా మోగుతున్నాయి మరి.

వీడియో పంపినా రిటర్న్ ఒప్పుకోలేదు. సరే అని కోసి చూశాను. బయటి కరెంటు చప్పుళ్లు లోపలికి రాకుండా లోపలి వైరు చుట్టూ ఒత్తుగా ఉండాల్సిన షీల్డ్ (లోహపు అల్లిక) స్థానంలో నాలుగు సన్నపోగులు చుట్టి వదిలేశారు, మధ్యలో అంతా ఖాళీ. అయస్కాంతం పెడితే పోగులు అతుక్కున్నాయి. స్వచ్ఛమైన రాగి అయితే అతుక్కోదు కదా! కేబుల్ కదిలినప్పుడు చప్పుడు రాకుండా ఆపే నల్లటి కండక్టివ్ ప్లాస్టిక్ పొర అసలే లేదు.

పొడవు సంగతి కూడా చూసుకోండి. మామూలు కేబుల్‌కే మీటరుకి దాదాపు 100 పీకోఫారాడ్ల కెపాసిటెన్స్ (లోపలి వైరుకీ షీల్డ్‌కీ మధ్య చార్జ్ నిలిచే గుణం) ఉంటుంది. పది మీటర్లంటే 1000. బ్యాటరీ లేని పాసివ్ పికప్‌ల ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) ఎక్కువ కాబట్టి, ఆ కెపాసిటెన్స్ పెరిగేకొద్దీ ట్రెబుల్ తగ్గిపోతుంది. కొన్ని నాసిరకం కేబుల్స్‌లో ఇది ఇంకా ఎక్కువ ఉండొచ్చు. వైరు తెగిందో లేదో చూసే టెస్ట్‌లో మల్టీమీటర్ బీప్ కొట్టింది కదా అని సంతోషపడొద్దు, షీల్డ్‌లో ఖాళీలు బీప్‌కి దొరకవు. కెపాసిటెన్స్ మోడ్ ఉంటే రెండు చివరలూ ఊడదీసి ప్లగ్ టిప్‌కీ (కొన), స్లీవ్‌కీ (వెనక గొట్టం భాగం) మధ్య కొలవండి.

ఎవరైనా పికప్ పోయిందంటే డబ్బు తీసే ముందు ఓ మంచి కేబుల్ గిటార్‌కి పెట్టి, వాల్యూమ్ ఫుల్ చేసి, రెండో చివర టిప్‌కీ స్లీవ్‌కీ మధ్య మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి. సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ ఉన్న) పికప్ అయితే మామూలుగా 5 నుంచి 8 కిలో ఓమ్‌ల దాకా చూపిస్తుంది. అంత చూపిస్తే కాయిల్ తెగలేదన్నట్టే. తర్వాత ఆంప్‌కి పెట్టి తీగలు ముట్టుకోండి. హమ్ (గుంయ్‌మనే చప్పుడు) తగ్గితే గ్రౌండ్ బాగున్నట్టు. ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జి (తీగలు ఆనే లోహపు భాగం) గ్రౌండ్ వైరు ఊడిందేమో చూడాలి. ట్రెమోలో (స్వరం ఊగించే కదిలే బ్రిడ్జి) ఉన్న గిటార్లలో ఆ వైరు వెనక మూత కింద, స్ప్రింగులు తగిలించిన లోహపు కొక్కెం పట్టీకి (క్లా) సోల్డర్ చేసి ఉంటుంది. ముట్టుకుంటే హమ్ పెరిగిందా, జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారై ఉండొచ్చు. వీటిలో ఏదైనా కాసేపు సోల్డరింగ్ పనే, పికప్ సెట్ ఖర్చు కాదు.

కొనేటప్పుడు మరలు విప్పి లోపలి సోల్డరింగ్ చూడగలిగే ప్లగ్గులున్న కేబులే తీసుకోండి. నాది అచ్చుపోసిన ప్లగ్గు, కోస్తే గానీ తెలియలేదు. బిల్లు, కోయకముందు తీసిన వీడియో దగ్గరుంచుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.