పాత మోడల్ రైలింజను: ఉన్నదున్నట్టు ఉంచడమా, మార్చి నడపడమా? ఏది మేలు?

పాత మోడల్ ఇంజను చేతికి రాగానే మనవాళ్లలో చాలామందికి ముందు తోచేది రంగు వేయించడం. ఆ తర్వాత పట్టాల మీద తిప్పి చూడాలనిపిస్తుంది. రంగు వేయిస్తే దాన్ని కాపాడినట్టనీ, లోపల మోటారు సామాను మారిస్తే పాడుచేసినట్టనీ ఒక నమ్మకం. నేను దీనికి పూర్తిగా ఎదురు చెబుతాను. అరవై డెబ్బై ఏళ్ల నాటి ఇంజనుకి కొత్త రంగు వల్ల జరిగేంత నష్టం, జాగ్రత్తగా బిగించిన డీకోడర్ (బండిని డిజిటల్ పద్ధతిలో నడిపే చిన్న సర్క్యూటు) వల్ల జరగదు.

పలాసలో ఉండే మా బావకి వాళ్ల తాతగారి ట్రంకుపెట్టెలో హార్న్‌బీ డబ్లో ట్యాంక్ ఇంజను ఒకటి దొరికింది. విజయనగరం పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. "తిప్పకపోతే అదేటి రైలు బావా? రెండు పట్టాల మీద నడిచేలాగ మార్చేద్దాం. పైన ఓ కోటింగు కొట్టించేద్దాం" అన్నాడు. రెండూ ఒక్క మాటలో చెప్పేశాడు గానీ ఆ రెండు పనులకీ చాలా తేడా ఉంది.

ముందు ఆ ఇంజను పుట్టుక తెలియాలి. ఫ్రాంక్ హార్న్‌బీ పెట్టిన లివర్‌పూల్ మెకానో కంపెనీ 1920లో కీ ఇచ్చి నడిపే 'ఓ' గేజ్ అనే సైజు రైళ్లు అమ్మడం మొదలుపెట్టింది. వాటి పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లు. 1938లో దాదాపు సగం కొలతలో, 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచే డబ్లో వచ్చింది. 12 వోల్టుల డీసీ కరెంటు, నడుమ మూడో పట్టా. ఇంజను పొట్ట కింద వంపు తిరిగిన చిన్న రేకు ఆ నడిమి పట్టాని రాసుకుంటూ కరెంటు తీసుకుంటుంది. 1959 దాకా డబ్లోలో రెండు పట్టాల బండి లేనే లేదు. 1964లో కంపెనీ ట్రయాంగ్ అనే మరో బొమ్మరైళ్ల కంపెనీ వాళ్ల చేతికి పోయాక డబ్లో తయారీ ఆగిపోయింది. అంటే ఆ పొట్ట కింది రేకు తీసేస్తే, అది ఏ కాలం బండో చెప్పే గుర్తే పోయినట్టు.

ఇక రంగు సంగతి. బావ ఇంజనులో క్యాబు అంచున, పట్టుకున్నప్పుడు బొటనవేలు ఆనేచోట, రంగు అరిగి బూడిదరంగు లోహం బయటపడింది. ట్యాంకు పక్కన అక్షరాలు సగం చెరిగాయి. మిగిలినవాటి మీది వార్నిష్ పసుపు తిరిగింది. చూడ్డానికి ముసలిదే. కానీ సేకరించేవాళ్లు ముందు చూసేది సరిగ్గా వీటినే: కంపెనీ రంగు మందం, అక్షరాల అంచులు, వార్నిష్ వయసు. కొత్త రంగు పట్టాలంటే పాతదాన్ని గీకాలి. గీకింది మళ్లీ రాదు. ఎంత నేర్పుగా వేసినా, రంగు మార్చిన ఇంజనుకంటే అరిగిన అసలు ఇంజనుకే ఎక్కువ ధర పలుకుతుంది. రేకు బళ్లయితే ఇంకా కష్టం. వాటి కిటికీలు, గీతలు, నంబర్లు రేకు మీదే అచ్చు వేసినవి, కుంచెతో ఆ పని తిరిగి రాదు. కాబట్టి మెత్తటి నూలుగుడ్డ చాలు. థిన్నర్, పెట్రోలు దగ్గరికి రానివ్వకండి. ఎవరో ఎప్పుడో ఎనామిల్ పూసేసిన బండి అయితేనో, తుప్పు తినేసి రేకు చిల్లులు పడితేనో రంగు వేయించుకోండి, నాకు అభ్యంతరం లేదు. అమ్మేటప్పుడు మాత్రం ఆ మాట కొనేవాడికి చెప్పాలి.

అలాగని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేస్తే కాపాడినట్టు కాదు. మనది సముద్రపు గాలి తగిలే నేల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చి వెళ్లాక ఇళ్లలో చెమ్మ ఎన్నాళ్లు నిలిచిందో మనకి తెలుసు. తిప్పకుండా వదిలేస్తే నూనె బంకలా గట్టిపడుతుంది. ఆ చెమ్మకి స్ప్రింగు తుప్పు పడుతుంది, అట్టపెట్టెకి చెదలు పడతాయి. పెట్టె పోతే బండి విలువలో పెద్ద భాగం పోయినట్టే. వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది జస్తం (జింక్) జబ్బు. ఆ కాలంలో ఛాసీలు (ఇంజను అడుగు చట్రాలు), చక్రాలు జస్తం కలిపిన మిశ్రమలోహంతో పోత పోసేవారు. ఆ లోహంలో సీసం ఏ కాస్త కలిసినా లోపల్లోపల తినేస్తూ వస్తుంది. ముందు సన్నటి పగుళ్లు, తర్వాత ఉబ్బు, చివరికి ముట్టుకుంటే పొడి. వేడి, తేమ దాన్ని తొందరపెడతాయి. దీనికి మందు లేదు. ఛాసీ ఉబ్బడం మొదలైతే పైనున్న బాడీని కూడా పగలగొడుతుంది. అందుకే వానాకాలం వెళ్లగానే ప్రతి ఇంజనునీ తీసి, తిరగేసి, వెలుతురులో చూసుకోవాలి. ఉబ్బు కనిపిస్తే బలవంతం చేయకుండా మరలు విప్పి బాడీని వేరుచేయాలి. చక్రాలు పొడి అవుతుంటే కొత్త పోత చక్రాలు వేసి, పాతవాటిని పొట్లం కట్టి అదే డబ్బాలో ఉంచాలి. ఇలాంటి మార్పు ప్రాణం నిలిపే మార్పు, దీన్ని వద్దనేవాళ్ల మాట వినకండి.

నూనె వేయడం, మోటారులో తిరుగుతూ కరెంటు అందుకునే కమ్యుటేటర్ తుడవడం, దాన్ని రాసుకునే కార్బన్ బ్రష్‌లు, వాటి స్ప్రింగులు మార్చడం కూడా అంతే. బొబ్బిలి వీణకి మేళం మళ్లీ కట్టిస్తే వీణ మారిపోయిందని ఎవరూ అనరు. కుట్టుమిషన్ నూనె ఒక్కో ఇరుసుకి ఒక్క చుక్క, అంతకు మించితే అది బ్రష్‌ల మీదకి పాకుతుంది. అయస్కాంతం బలం తగ్గితే మళ్లీ బలం ఎక్కించవచ్చు, లేదా దాని చోట చిన్న నియోడిమియం ముక్క పెట్టుకోవచ్చు. ట్రయాంగ్ ఎక్స్‌04 లాంటి మోటార్లలో అయస్కాంతాన్ని ఊరికే బయటికి లాగితే అక్కడికక్కడే బలం పోగొట్టుకుంటుంది, కాబట్టి పని లేకుండా విప్పకండి. కీ ఇచ్చే బళ్లకి స్ప్రింగు బిగించి అలా వదిలేయకండి.

ఇప్పుడు బావ అడిగిన రెండు పట్టాల మార్పు. మూడు పట్టాల డబ్లోకి రెండు వైపులా చక్రాలూ, నడిమి ఇరుసూ అన్నీ లోహమే. దాన్ని అలాగే రెండు పట్టాల మీద పెడితే ఈ పట్టా నుంచి ఆ పట్టాకి కరెంటు నేరుగా దూకి షార్ట్ అవుతుంది. చక్రాలు ఊడదీసి ఇన్సులేషన్ ఉన్నవి నొక్కించాలి. నొక్కి బిగించిన పాత చక్రం లాగితే ఇరుసు వంగవచ్చు, చక్రమే చిట్లవచ్చు. కొత్త బోగీలకి తగిలించాలంటే కొక్కెం కూడా కోయాలి. ఇంత కోత కోసి ఒక అసలు ఇంజనుని నకలు చేసుకోవడం నాకు నచ్చదు. దానికంటే పాత మూడు పట్టాల ట్రాకే కొనుక్కోండి. ఇంగ్లండ్‌లో పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతూనే ఉంటుంది. బండి తిరుగుతుంది, మనిషి ముచ్చటా తీరుతుంది.

డీకోడర్ పెట్టి డిజిటల్ చేయడం వేరే సంగతి. రెండు బ్రష్‌లకీ ఛాసీతో సంబంధం తెంపి, నాలుగు తీగలు కలిపితే పని అయిపోతుంది. రంధ్రం వేయకుండా, ఆకురాయి పెట్టకుండా చేయగలిగితే రేపు మళ్లీ విప్పేసుకోవచ్చు. జర్మనీ మార్క్లిన్ పాత బళ్లు ఏసీ మీద నడుస్తాయి, దిశ మార్చాలంటే 24 వోల్టుల దెబ్బ ఒకటి ఇవ్వాలి. వాటికి పాత తీగచుట్ట తీసి శాశ్వత అయస్కాంతం పెట్టే కిట్లు ఉన్నాయి. తీసిన చుట్ట దాచుకుంటే చాలు. పెట్టె లేనిది, పొగగొట్టం విరిగినది, ఎక్కడైనా దొరికే ట్రయాంగ్ ఇంజను అయితే నేను రెండో ఆలోచన లేకుండా మార్చేస్తాను. పిల్లల చేతికిచ్చి తిప్పుకోమంటాను.

పాత ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో మాత్రం సర్దుబాటు లేదు. లోపలి తీగల మీది గుడ్డ, రబ్బరు ఎండి రాలిపోయి ఉంటాయి. అమెరికా లయొనెల్ ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులది, మన 230 ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. అవి అలమరాలోనే ఉండాలి, బండికి కొత్త సప్లై కొనాలి.

ఇదంతా విన్నాక బావ మంచి ప్రశ్నే వేశాడు: "అసలు నౌపడ లైన్నే పీకి బ్రాడ్‌గేజ్ చేసేశారు. బొమ్మని మార్చితే తప్పేటి?" పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ రెండడుగుల ఆరంగుళాల లైను 1900లో మొదలై, 1931లో గుణుపూర్ చేరి, 2004లో ఆగింది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం జనానికి పెద్ద బండి కావాలి కాబట్టి పట్టాలు మార్చారు. ఆ పాత చిన్న ఇంజన్లని మాత్రం ఎవరూ కోసి బ్రాడ్‌గేజ్ చేయలేదు. బల్ల మీది డబ్లోకి ఎవరినీ టెక్కలి చేర్చాల్సిన పని లేదు.

తాతగారు చూసిన ఆ చిన్న బండిని ఇంట్లో తిప్పుకోవాలనే ఆశ బావది. దానికి డబ్లో మీద చెయ్యి వేయనక్కర్లేదు. 'ఓ' గేజ్ మోడళ్ల కొలత అసలు బండిలో 43.5వ వంతు. 762 మిల్లీమీటర్ల గేజ్‌ని దానితో భాగిస్తే 17.5 వస్తుంది. కొత్తగా చవగ్గా దొరికే 16.5 మిల్లీమీటర్ల ఛాసీ దానికి ఒక్క మిల్లీమీటరే తక్కువ. నేరోగేజ్ మోడళ్లు కట్టేవాళ్లు చాలామంది ఈ దారే పడతారు. బాడీ ఇత్తడి రేకుతో కట్టుకుందాం, పొగగొట్టం, డోము బుడితి ఇత్తడి పనివాళ్లని అడిగి చూద్దాం అన్నాను. బావ ఒప్పుకున్నాడు. డబ్లోకి ఈ వారం బ్రష్‌లు మారుస్తున్నాం. కొత్తదానికి పాత ఫొటోలు వెతికి, కొలతలు గీసుకోవడం బావ వంతు.