సాలార్‌జంగ్ కోసం ఒక పూర్తి రోజు ఉంచుకోండి

సెలవుల్లో కాకినాడ వైపు నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లు చాలామంది చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ ఒకే రోజులో చుట్టేయడానికి కారు మాట్లాడుకుంటారు. మేమూ అడిగి చూశాం. మ్యూజియానికి గంటన్నర చాలన్నాడు డ్రైవర్. దాంతో ఆ ఆలోచన మానేసి, దసరా సెలవుల్లో ఒక రోజంతా మ్యూజియానికే ఉంచుకున్నాం. డెబ్బై దాటిన అత్తయ్య, ఇద్దరు పిల్లలు వెంట ఉన్నప్పుడు ఇంతకంటే మంచి పద్ధతి లేదని గట్టిగా చెబుతాను.

బస విషయంలో కాస్త తర్జనభర్జన పడ్డాం. మణికొండలో ఉండే మా ఆడపడుచు "ఇల్లు పెట్టుకుని లాడ్జి ఏంటి వదినా" అని కోప్పడింది. కానీ అక్కడి నుంచి పాతబస్తీకి వెళ్లి రావడానికే పిల్లలు అలిసిపోతారని నాంపల్లిలో రూమ్ తీసుకున్నాం. రూమ్ శుభ్రంగానే ఉంది గానీ లిఫ్ట్ పనిచేయలేదు, వేడినీళ్లు పొద్దున్నే కాసేపే వచ్చాయి. పెద్దవాళ్లుంటే కింది అంతస్తు రూమే కావాలని ముందే అడగండి. ఈ ఇబ్బందులున్నా మళ్లీ వెళ్తే నాంపల్లిలోనే దిగుతాం. మెట్రో ఎక్కితే గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజీ, ఆ తర్వాత ఎంజీబీఎస్. అక్కడి నుంచి మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలో ఉన్న మ్యూజియానికి ఆటోలో కాసేపే. ఒక ఆటో ఆయన చెప్పిన రేటుకు మావారు హడలిపోయి యాప్‌లో బుక్ చేశారు.

ఇక మ్యూజియం. ఇదంతా ప్రధానంగా ఒక్క మనిషి సేకరణ. మూడో సాలార్‌జంగ్ (అది వాళ్ల కుటుంబ బిరుదు), మీర్ యూసుఫ్ అలీ ఖాన్, 1912లో ఏడో నిజాం దగ్గర దివాను అయ్యారు. రెండేళ్లకే ఆ పదవి వదిలేసి, మిగిలిన జీవితమంతా కళావస్తువులు కొనడంలోనే గడిపారు. పెళ్లి చేసుకోలేదు. 1949లో ఆయన పోయాక, 1951లో ఆయన నివాసం దివాన్ దేవిడీలోనే నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది 1968లో. లోపలికి వెళ్లే ముందు పిల్లలకు ఇంత మాత్రం చెప్పండి. మా పెద్దాడు ప్రతి గదిలోనూ "ఇది కూడా ఆయనే కొన్నాడా?" అని అడుగుతూనే ఉన్నాడు.

రెబెక్కా విగ్రహం దగ్గర అత్తయ్య ఎంతసేపు నిలబడ్డారో! ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి పెళ్లికూతురు. ముఖం మీద మేలిముసుగు ఉంది, అదీ పాలరాయే. ముక్కు, పెదవులు, కిందికి వాలిన కళ్లు ఆ ముసుగులోంచి కనిపిస్తుంటాయి. తడిబట్ట ముఖానికి అంటుకున్నట్టే ఉంటుంది. దీన్ని కొన్నది మూడో సాలార్‌జంగ్ తాతగారు, 1876లో రోమ్‌లో. "రాయిని అంత పల్చగా ఎలా తీశాడమ్మా, చెయ్యి కాస్త జారితే పోయేదిగా!" అన్నారు అత్తయ్య. నిజానికి రాయి అక్కడ పల్చగా లేదు. ముసుగూ ముఖమూ ఒకే రాయి. మడతలు, ఎత్తుపల్లాలు చెక్కిన తీరుకే మన కన్ను భ్రమపడుతుంది. పక్కకు వెళ్లి వాలుగా చూడండి, ఆ పనితనం తెలుస్తుంది.

పిల్లలకు మాత్రం జంట బొమ్మ నచ్చింది. జర్మన్ కవి గెటే రాసిన ఫౌస్ట్ నాటకంలోని పాత్రలవి: ఒకే చెక్కలో ముందువైపు గర్వంగా నిలబడ్డ దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తల వంచుకున్న అమ్మాయి మార్గరెట్టా. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. మా చిన్నది అద్దంలో చూసి, మళ్లీ బొమ్మ చుట్టూ తిరిగొచ్చి, "అమ్మా, వీడి వీపే ఆవిడ!" అని అరిచింది.

గడియారం దగ్గరికి పన్నెండు గంటల లోపు చేరాలి. ఎందుకంటే అప్పుడే ఎక్కువ దెబ్బలు కొడుతుంది. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది. అందులోని బొమ్మల్లో ఒక కమ్మరి సెకనుకో దెబ్బ వేస్తూనే ఉంటాడు. గంట కొట్టే వేళకు గడ్డం మనిషి ఒకడు తలుపు తీసుకుని వచ్చి, లెక్క ప్రకారం గంట కొట్టి లోపలికి పోతాడు. సెలవుల్లో జనం బాగా ఉంటారు. పెద్దవాళ్లకు కూర్చునే చోటు దొరకాలంటే కాస్త ముందే వెళ్లండి.

మధ్యాహ్నం ఆయుధాలు, పచ్చరాతి (జేడ్) వస్తువులు చూశాం. జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకున్న కత్తి ఒకే గదిలో ఉన్నాయి. చైనా, జపాన్ వస్తువులున్న తూర్పు బ్లాక్ జోలికి వెళ్లలేదు. అత్తయ్య కాళ్లు నొప్పులన్నారు. ఇక్కడ అన్నీ చూసెయ్యాలని పట్టుబడితే ఏదీ సరిగ్గా చూడలేరు. ముప్ఫైకి పైగా గ్యాలరీలు మరి! మీ ఇంట్లోవాళ్లకు ఇష్టమైనవి నాలుగైదు ఎంచుకోండి. మెత్తటి చెప్పులు వేసుకోండి, బ్యాగులు రూమ్‌లోనే వదిలేయండి.

సాయంత్రం మదీనా దగ్గర బిర్యానీ తిని, లాడ్ బజార్‌లో అత్తయ్యకు లక్క గాజులు కొన్నాం. బేరం బాగా ఆడాలి, మొదట చెప్పిన రేటుకు ఒప్పుకోవద్దు. ఆరో నిజాం బట్టల బీరువా ఉన్న పురానీ హవేలీ మ్యూజియం ఆ దగ్గర్లోనే ఉన్నా అదే రోజు పెట్టుకోలేదు. దానికి ఇంకో పూట కావాలి. రెండు మ్యూజియాలకూ శుక్రవారమే సెలవు, టికెట్లు బుక్ చేసుకునేటప్పుడు ఆ రోజు తప్పించండి.