యాడ్స్ ఉన్నా పర్లేదు, ఉన్నది మాత్రం లాక్కోవద్దు

చాలా ఏళ్లుగా రకరకాల సోషల్ మీడియా సైట్లు వాడుతున్నాను. కొన్నిటికి డబ్బు కట్టాను, కొన్నిటిని విసుగొచ్చి వదిలేశాను. సర్వర్లు ఊరికే నడవవు, పనిచేసేవాళ్లకు జీతాలివ్వాలి, కాబట్టి సైటు సంపాదించుకుంటోందంటే నాకేం కోపం లేదు. ఎలా సంపాదిస్తోందన్నదే నా పట్టింపు.

నాలుగు పోస్టుల మధ్య ఒక యాడ్ వచ్చి, అది యాడ్ అని కనపడేలా రాసి ఉంటే చూసి ముందుకు పోతాను, కొన్నిసార్లు పనికొచ్చేవి కూడా దొరికాయి. ఒళ్లు మండేది ఎక్కడంటే, మనం ఫాలో అయ్యేవాళ్లను కిందికి తోసేసి ఎవరెవరివో వీడియోలు, వాటి మధ్య యాడ్స్ నింపినప్పుడు. నేను రోజూ వాడే ఒక సైటులో దగ్గరి స్నేహితురాలికి పాప పుట్టిన కబురు నాకు వారం తర్వాత కనిపించింది! నేను అక్కడ ఉన్నదే ఆ కబుర్ల కోసం కదా.

అడగకుండా మన వివరాలు వాడుకోవడం ఇంకా ఘోరం. ఫేస్‌బుక్ 2007లో బీకన్ అని ఒకటి తెచ్చింది, వేరే సైట్లలో మనం ఏం కొన్నామో మన స్నేహితులకు చూపించేది. గొడవైతే జుకర్‌బర్గ్ క్షమాపణ చెప్పాడు, 2009లో దాన్ని ఎత్తేశారు. ముందే ఒక్క మాట అడిగి ఉంటే అంత దూరం వచ్చేది కాదు.

చందా విషయానికొస్తే నాకు నచ్చిన పద్ధతి టెలిగ్రామ్‌ది. 2022లో ప్రీమియం తెచ్చినప్పుడు ఉచితంగా 2 జీబీ ఫైలు పంపే సౌకర్యాన్ని అలాగే ఉంచి, డబ్బు కట్టినవాళ్లకు 4 జీబీ ఇచ్చింది. కట్టనివాళ్లకు పోయిందేమీ లేదు. అదే ఏడాది ట్విట్టర్ నెలకు 8 డాలర్లకు బ్లూ టిక్ అమ్మితే, కంపెనీల పేర్లతో నకిలీ ఖాతాలు టిక్కుతో సహా పుట్టుకొచ్చాయి. నమ్మకానికి గుర్తుగా ఉన్నదాన్ని అమ్మకానికి పెడితే కొన్నవాడికి కూడా దాని విలువ మిగలదు.

2023లో చర్చల సైటు రెడ్డిట్ తన ఏపీఐకి, అంటే బయటి యాప్‌లు ఆ సైటులోని పోస్టులు తెచ్చుకునే దారికి, ధర పెట్టిన తీరు కూడా అంతే. ధర అడగడం తప్పని నేననను, కానీ నెల రోజుల గడువిచ్చి ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల లెక్క ముందు పెడితే రెడ్డిట్ చూడ్డానికి బయటివాళ్లు చేసిన అపోలో లాంటి యాప్ మూసుకోక ఏం చేస్తుంది? ఆ సైటును జీతం లేకుండా నడిపిస్తున్న మోడరేటర్లే వేల సబ్‌రెడ్డిట్లు (అందులోని చర్చా బృందాలు) మూసి నిరసన తెలిపారు.

ప్రస్తుతం నేను ఇష్టంగా డబ్బిస్తున్నది విరాళాలతో నడిచే ఒక మాస్టోడాన్ సర్వర్‌కు (మాస్టోడాన్ అంటే ఎవరికివారు సొంత సర్వర్ పెట్టి నడుపుకోగల సోషల్ మీడియా). ఖర్చెంతయిందో, ఎంత వచ్చిందో నిర్వాహకులు అందరికీ చూపిస్తారు, పోస్టులు వచ్చిన వరుసలోనే కనిపిస్తాయి, యాడ్స్ లేవు. లోటల్లా ఒకటే, మావాళ్లు ఎక్కువమంది ఇంకా అక్కడికి రాలేదు, అందుకే పాత సైట్లను పూర్తిగా వదల్లేకపోతున్నాను.