పాత ఇంటి పూల టైల్స్: ఫోన్ ఫొటోనా, ట్రేసింగా?

వనపర్తి, గద్వాల వైపు పాత ఇల్లు కూలగొడుతున్నారంటే తలుపులు, దూలాలు కొనేవాళ్లు ముందే వచ్చేస్తారు గానీ కింది పూల టైల్స్‌ను ఎవరూ పట్టించుకోరు. కనీసం డిజైన్ అయినా దాచాలంటే ఫోన్ ఫొటోలు సులువు: గది మొత్తం, అంచు పట్టీ మలుపు, పగుళ్లు అన్నీ వచ్చేస్తాయి. కాకపోతే నిలబడి వాలుగా తీస్తే చదరం వంకర పోతుంది, బల్బు వెలుగులో రంగులు మారిపోతాయి.

ట్రేసింగ్, అంటే టైలు మీద పల్చటి కాగితం పరిచి గీతల వెంట గీయడం, నడుము నొప్పే. కానీ అసలు కొలత దొరికేది అక్కడే. ఈ సిమెంటు టైల్స్ చాలావరకు 8 అంగుళాల చదరం, చాలా డిజైన్లలో నాలుగు కలిస్తేనే ఒక పువ్వు, కాబట్టి ఇల్లంతా గీయక్కర్లేదు. ఆ నాలుగూ, ఒక అంచు టైలు, ఒక మూల టైలు బటర్ పేపర్ మీదికి ఎక్కితే చాలు. రంగు మాత్రం రాదు.

రేపే కూలుస్తారంటే నా ఓటు ఫొటోకే. తడిగుడ్డతో తుడిచి (యాసిడ్ వద్దు, సిమెంటును తినేస్తుంది), ఫ్లాష్ ఆపి, పక్కన స్కేలు పెట్టి, సరిగ్గా పైనుంచి తీయండి. వారం టైముంటే ట్రేసింగే, మూలన ఊరు, గది పేరు రాసి.