గ్రాహం హిల్ గొప్పా, జాన్ సర్టీస్ గొప్పా?
ఏ బండి ఇచ్చినా నడిపే ఇంగ్లిష్ రేసర్ అనగానే అందరూ హిల్ పేరే చెబుతారు. తప్పేం లేదు, మొనాకో ఫార్ములా వన్ రేసులో 5 గెలుపులు, 1966లో అమెరికా కారు రేసు ఇండియానాపొలిస్ 500, 1972లో సహ డ్రైవర్ పెస్కరోలోతో కలిసి ఫ్రాన్స్‌లోని 24 గంటల కారు రేసు ల మాన్స్, ఈ మూడూ గెలిచినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు. నా ఓటు మాత్రం సర్టీస్‌కే. ఎంవీ అగస్టా బైకుల మీద 7 ప్రపంచ టైటిళ్లు కొట్టి, ఒంటిని వంచి మలుపు తిప్పడం అలవాటైన మనిషి కారు సీట్లో ఇరుక్కుని మళ్లీ మొదటి నుంచి నేర్చుకుని, 1964లో ఫెరారీతో ఫార్ములా వన్ చాంపియన్ అయ్యాడు. అదీ హిల్ మీదే, 40-39 పాయింట్లతో! ఆ సీజన్ చివరి రేసు మెక్సికోలో సర్టీస్ జట్టు డ్రైవర్ లోరెంజో బండీని నడిపే కారు తగిలి హిల్ ఎగ్జాస్ట్ పైపులు నొక్కుకుపోయాయి, చివర్లో అదే బండీని సర్టీస్‌కి దారిచ్చాడు. ఆ రోజు హిల్‌కి అన్యాయమే జరిగింది. అయినా రెండు చక్రాల మీదా, నాలుగు చక్రాల మీదా ప్రపంచ చాంపియన్ సర్టీస్ ఒక్కడే.