రెండు పడకగదుల ఇంటికి ఏ వాక్యూమ్ క్లీనర్ మేలు?

దసరా, దీపావళి ఆఫర్ల రోజులు దగ్గర పడేసరికి మా బంధువులూ, అపార్ట్‌మెంట్‌లోని ఇరుగుపొరుగులూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. చక్రాల మీద వెనకే దొర్లుతూ వచ్చే డబ్బా రకం కొనాలా, వైరు లేని కర్ర రకం కొనాలా, లేక నీళ్లు కూడా పీల్చే డ్రమ్ము రకం తెచ్చుకుంటే అన్ని పనులూ ఒకదానితోనే తీరతాయా అని. నేను నాలుగేళ్లు వైరు లేనిది వాడి, నిరుడు మళ్లీ వైరున్న చక్రాల డబ్బాకే వచ్చానని తెలిసినవారు, "అందరూ ముందుకు పోతుంటే మీరు వెనక్కి వెళ్లారేమిటండీ?" అని మరో మాట కలుపుతారు. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెబితే మొదటిదానికీ చెప్పినట్టే అవుతుంది.

ముందుగా ఈ యంత్రం చేత మనం చేయించుకోవలసిన పని ఏదో తేల్చుకోవాలి. మన ఇళ్లలో నేల ఊడ్చడం దాని పని కాదు. టైల్సో, గ్రానైటో, మార్బులో పరిచిన నున్నటి నేలను రోజూ పొద్దున్నే ఊడ్చి తడిగుడ్డ పెట్టే అలవాటున్న ఇంట్లో చీపురుతో ఏ యంత్రమూ పోటీ పడలేదు. మా ఇంట్లో పని చేసే ఆవిడ ఈ సంగతిని మొదటి రోజే తేల్చేసింది. "దీన్ని తీసి, తగిలించి, మళ్లీ సర్దేలోపు నేను రెండిళ్లు ఊడ్చేస్తానమ్మా" అంది. చీపురుకు లొంగనివి వేరే ఉన్నాయి. పరుపులు, సోఫా మడతలు, కిటికీ దోమతెరలు, జారుడు కిటికీల కింది గాళ్లు, ఫ్యాన్ రెక్కలు, పుస్తకాల అర, చెప్పుల స్టాండు అడుగు, మంచం తలాపున గోడకూ చెక్కకూ మధ్య ఉండే సందు. వీటిని చీపురుతోనో గుడ్డతోనో కొడితే దుమ్ము లేచి గంట తర్వాత మళ్లీ అక్కడే కూర్చుంటుంది. కనుక చిన్న ఇంటికి వాక్యూమ్ క్లీనర్ అంటే వారానికి ఒకసారి, అరగంటో ముప్పావుగంటో, ఎక్కువగా నేలకు పైన ఉన్నవాటి మీద వాడే వస్తువు. ఈ లెక్కన బరువైన మోటారును చేత్తో ఎత్తి పట్టుకోవలసిన రకం కంటే, మోటారు నేల మీద ఉండి పొడవాటి గొట్టం మాత్రమే చేతిలో ఉండే రకానికి అప్పుడే సగం మార్కులు పడతాయి.

రెండో విషయం వాట్లు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే 1200, 1600, 2000 అన్న అంకెలు మోటారు ఎంత కరెంటు తింటుందో చెబుతాయే తప్ప ఎంత దుమ్ము లాగుతుందో చెప్పవు. లాగే శక్తి పీడనం మీదా, గొట్టంలో సాగే గాలి పరిమాణం మీదా కలిపి ఆధారపడుతుంది. పీడనాన్ని కిలోపాస్కల్స్‌లో చెబుతారు, గాలిని సెకనుకు ఇన్ని లీటర్లని చెబుతారు. ఐరోపా సమాఖ్య 2014 సెప్టెంబరులో ఇంటి వాక్యూమ్ క్లీనర్ల మోటారుకు 1600 వాట్ల పరిమితి పెట్టి, 2017 సెప్టెంబరులో దాన్ని 900 వాట్లకు దించింది. గోడ నుంచి గోడ దాకా తివాచీలు పరుచుకునే దేశాల్లో 900 వాట్లతో గడిచిపోతుంటే, మన రెండు పరుపులకూ ఒక సోఫాకూ 2000 వాట్లు దేనికో అమ్మేవారే చెప్పాలి.

వాట్లు పెరిగితే మన ఇళ్లలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. హాలులోనూ పడకగదుల్లోనూ అందుబాటులో ఉండేవి ఎక్కువగా 6 ఆంపియర్ల చిన్న సాకెట్లే. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్లు ఏసీ పక్కనో, గీజరు దగ్గరో, వాషింగ్ మెషిన్ వెనకో ఉంటాయి. 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లంటే 1380 వాట్లు. 1600 వాట్ల యంత్రానికి దాదాపు 7 ఆంపియర్లు కావాలి. మా పై అంతస్తువారు అటువంటిదాన్ని హాలులోని టీవీ పక్క ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించి వాడితే రెండు నెలలకే బాక్సు రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్కు గోధుమ రంగుకు మాడింది. 1000 నుంచి 1200 వాట్ల లోపు యంత్రానికి ఈ బాధ లేదు. వారానికి అరగంట చొప్పున వాడితే నెలకు మూడు యూనిట్లకు మించి కాలదు కూడా. ఇన్వర్టరు మీద మాత్రం వీటిలో దేన్నీ నడపాలని చూడకండి.

ఇక నా దృష్టిలో ఎంపికను తేల్చవలసిన అసలు విషయానికి వస్తాను. చాలామంది యంత్రం దుమ్మును ఎంత బాగా లోపలికి లాగుతుందో చూస్తారు. నేను ఆ దుమ్ము బయటికి ఎలా పోతుందో చూడమంటాను. కొన్న కొత్తలో ఏ యంత్రమైనా బాగానే లాగుతుంది. అది ఆరు నెలల తర్వాత కూడా వాడుకలో ఉంటుందా, లేక అటక మీదికి చేరుతుందా అన్నది, పని అయిపోయిన తర్వాత దాన్ని ఖాళీ చేసి శుభ్రం చేయడానికి పట్టే పది నిమిషాల మీద ఆధారపడి ఉంటుంది. ఈ విషయంలో మార్కెట్లో ఉన్నవి ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి సంచి ఉన్నది, రెండోది సంచి లేకుండా పారదర్శకమైన ప్లాస్టిక్ గిన్నెలోకి దుమ్మును సుడి తిప్పి వదిలేది.

సంచి లేనిది చూడముచ్చటగా ఉంటుంది. లోపల ఎంత దుమ్ము తిరుగుతోందో కంటికి కనిపిస్తుంది, మళ్లీ మళ్లీ కొనవలసినది ఏమీ లేదని దుకాణంలో చెబుతారు. నా వైరు లేని యంత్రం ఈ జాతిదే. దాని గిన్నెను చెత్తబుట్ట మీద తెరిచిన ప్రతిసారీ పరుపులో నుంచి అంత జాగ్రత్తగా లాగిన సన్నటి దుమ్ములో కొంత నా ముఖం మీదికీ, వంటింటి గట్టు మీదికీ వచ్చేది. గిన్నె గోడలకు అంటుకున్నదాన్ని వేలితో గీకాలి, పొడవాటి వెంట్రుకలు చుట్టుకుపోయిన బ్రష్‌ను కత్తెరతో కోయాలి, ఆ తర్వాత ఫిల్టరును కుళాయి కింద కడగాలి. కడిగిన ఫిల్టరు పూర్తిగా ఆరడానికి ఒక రోజంతా పడుతుందని యంత్రంతో వచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. ఆగస్టు నెల హైదరాబాద్ ముసురులో మా బాల్కనీలో అది రెండు రోజులైనా ఆరేది కాదు. తడి ఆరకుండా బిగిస్తే ముక్కవాసన, పైగా మోటారుకు చేటు.

ఒక సంక్రాంతికి మా గుమ్మం ముందు వేసిన ముగ్గు గాలికి చెదిరి చెప్పుల స్టాండు కిందికంతా చేరితే, ఊడ్చడం కుదరక యంత్రం పెట్టాను. ముగ్గు పిండి గోధుమ పిండి కంటే మెత్తన. రెండు నిమిషాలు తిరక్కముందే నల్లటి ఫిల్టరు మీద తెల్లటి పూత కమ్మేసింది, మోటారు గొంతు సన్నబడి ఈలలా మారింది, నాజిల్ దగ్గర చెయ్యి పెట్టి చూస్తే లాగుడు దాదాపు లేదు. దాని మోటారు ఎంత శక్తిగలదైనా గాలి పోయే దారే మూసుకుపోతే చేసేదేమీ లేదు. అటువంటి సన్నటి పిండికి సంచి ఉన్న యంత్రం కూడా తొందరగానే అలసిపోతుందని నిజాయితీగా ఒప్పుకోవాలి. సంచి సగమైనా నిండకముందే దాని రంధ్రాలు పూడిపోతాయి. అయితే అప్పుడు చేయవలసిందల్లా ఆ సంచి మూతి మూసి బయట పారేసి ఇంకొకటి తగిలించడమే. కడగడం, ఆరబెట్టడం, గీకడం ఏవీ ఉండవు. ఈ ఈడ్పులాట లేకపోవడమే నన్ను వెనక్కి తీసుకువచ్చింది.

సంచుల ఖర్చు మాటేమిటని అడుగుతారు. వారానికి ఒకసారి వాడకంలో మా ఇంట్లో ఒక్కో సంచి సుమారు రెండు నెలలు వస్తోంది. అంటే ఏడాదికి ఆరు. ఖర్చు కంటే చూసుకోవలసినది అవి దొరకడం. మన దగ్గర అమ్మే చవక యంత్రాలలో చాలావాటితో దులిపి మళ్లీ వాడుకునే గుడ్డ సంచి ఒక్కటే ఇస్తారు. దాన్ని దులపడమంటే మళ్లీ దుమ్ము పీల్చడమే కాబట్టి, సంచి ఉన్నా లేనట్టే. ఆ మోడల్‌కు సరిపోయే, వాడి పారేసే కాగితం సంచులు విడిగా దొరుకుతాయో లేదో తెలుసుకుని, ఒక ప్యాకెట్టు యంత్రంతో పాటే కొనడం మంచిది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే, బయటికి పోయే గాలిలోని అతి సన్నటి దుమ్మును కూడా ఆపే హెపా ఫిల్టరు ఉందేమో కూడా చూడండి. హెచ్13 తరగతి అయితే అత్యంత సూక్ష్మమైన కణాలలో కూడా 99.95 శాతం ఆపాలన్నది ప్రమాణం. హెపా రకం, హెపా తరహా అని గడుసుగా రాసినవాటికి ఆ హామీ లేదు. మూత చుట్టూ రబ్బరు బిగువుగా లేకపోతే నిజమైన హెపా ఉన్నా గాలి పక్కదారిన పోతుంది.

వైరు లేని కర్ర రకానికి ఉన్న సుగుణాన్ని తక్కువ చేయను. గోడకు తగిలించి ఉంటుంది, గుర్తొచ్చిన క్షణాన తీసి వాడవచ్చు. చంటిపిల్ల మరమరాలు ఒలకబోసుకున్నప్పుడు చక్రాల డబ్బాను ఎవరూ బయటికి లాగరు. కుక్కనో పిల్లినో పెంచేవారికి, చీపురు పట్టి వంగలేని పెద్దవారున్న ఇంటికి అదే నయం. కాని దాని ఆయుష్షు బ్యాటరీ చేతిలో ఉంటుంది. అట్టపెట్టె మీద 40 నిమిషాలని రాసి ఉన్నది తక్కువ వేగంలో వచ్చే సమయం. పరుపు మీద వాడవలసిన గరిష్ఠ వేగంలో చాలావాటికి పది నిమిషాలు కూడా రాదు. డైసన్ వీ8 వంటి ఖరీదైనదానికి కూడా కంపెనీ ప్రకటించిన లెక్క మామూలుగా 40 నిమిషాలు, గరిష్ఠ వేగంలో 7 నిమిషాలు. లిథియం బ్యాటరీ వాడినా అరుగుతుంది, ఎండకాలపు వేడిలో నిండా ఛార్జి చేసి పక్కన పెట్టినా అరుగుతుంది. నాది మూడో ఏట ఒక పరుపుకు సరిపోయేది, నాలుగో ఏట సగం పరుపుకు. సర్వీసు సెంటరుకు వెళితే ఆ మోడల్ బ్యాటరీ ఇప్పుడు రావడం లేదని, కొత్త మోడల్ మీద తగ్గింపు ఇస్తామని చెప్పారు. మోటారు ఇప్పటికీ భేషుగ్గా ఉంది. యంత్రం మాత్రం అటక మీద ఉంది. కర్ర రకమే కొనాలనుకుంటే బ్యాటరీ మనమే తీసి మార్చుకోగలిగినదీ, విడి బ్యాటరీ ఇప్పుడే అమ్మకంలో ఉన్నదీ ఎంచుకోండి. ఆ బ్యాటరీ ధరను యంత్రం ధరకు కలిపి చూసుకుంటేనే అసలు ధర తెలుస్తుంది.

డ్రమ్ము రకం దృఢమైనది, పెట్టిన డబ్బుకు ఎక్కువ పని చేస్తుంది. కాని అది ఫ్లాటు వస్తువు కాదు. 15 నుంచి 20 లీటర్ల డ్రమ్మును మంచం కిందికి తోయలేము, శబ్దం కింది ఇంటివారికి కూడా వినిపిస్తుంది. నీళ్లకు స్పాంజి తొడుగు, పొడి దుమ్ముకు కాగితం ఫిల్టరో సంచో మార్చుతూ ఉండాలి, అది మరిచిపోయి పాడు చేసుకున్నవారిని ముగ్గురిని చూశాను. పోర్టికో, మేడమెట్లు, కారు ఉన్న సొంత ఇల్లయితే, అందులోనూ ఇంటికి ఏదో ఒక మరమ్మతు సాగుతూనే ఉంటే, నేను కూడా దాన్నే కొనేదాన్ని. సిమెంటు పొడిని, గోడకు రంధ్రం చేసినప్పుడు రాలే ఇటుక పొడిని నా చక్రాల డబ్బాకు చూపించను.

రోబో సంగతి క్లుప్తంగా. ఎత్తైన గడపలున్న ఇంట్లో అది ఏ గదిలో పెడితే ఆ గదికే పరిమితం. చిన్న గదిలో మంచం కోళ్లు, కుర్చీలు, కాలిపట్టాలు, ఛార్జరు వైర్లు పోగా దానికి మిగిలేది చీపురు ఎలాగూ ఊడ్చే నేల మాత్రమే. పరుపు ఎక్కలేదు. చేతిలో ఇమిడే బుల్లి యంత్రాలు కారు సీట్లకు పనికొస్తాయి, ఇంటికి కాదు.

కాబట్టి రెండు పడకగదుల ఫ్లాటుకు నా ఓటు 1000, 1200 వాట్ల మధ్య ఉండి, పారేసే సంచులు దొరికే వైరున్న చక్రాల డబ్బాకే. అదృష్టవశాత్తూ అన్నిటిలోనూ చవకైనది కూడా ఇంచుమించు అదే. దుకాణంలో మోటారు ఆన్ చేసి చూపించమనే ముందు మూత తీయించి, సంచిని మీ చేతులతోనే తీసి మళ్లీ తగిలించి చూడండి. అమ్మే కుర్రవాడికే చేతకాకపోతే మీకు ఇంట్లో అసలే చేతకాదు. బయలుదేరే ముందు ఇంట్లో టేపు పట్టి, పడకగదిలో ప్లగ్గు నుంచి మంచం అవతలి మూల దాకా ఎంత దూరమో కొలుచుకోండి. చాలావాటికి వైరు అయిదు మీటర్ల లోపే ఉంటుంది. గొట్టం కలుపుకుంటే మా ఇంట్లో సరిగ్గా కిటికీ గాడి దాకా వస్తుంది, బాల్కనీ తలుపు దగ్గర మాత్రం రెండడుగులు తక్కువైంది. ఆ రెండడుగులూ ఇప్పటికీ చీపురుతోనే.